ఓకే... ఇంతకీ సరేనా?

"షాట్ ఓకే!" అని దర్శకుడు అరవగానే ఊపిరి బిగబట్టి నిలబడ్డ యూనిట్ మొత్తం ఒక్కసారి కదులుతుంది. లైట్‌బాయ్ చెమట తుడుచుకుంటాడు, మేకప్ మేన్ అద్దం పట్టుకుని పరిగెడతాడు, హీరో కుర్చీలో కూలబడతాడు. పొద్దుటి నుంచి ఎండలో నిలబడింది ఆ మాట కోసమే కదా! ఆర్నెల్లు తిరిగేసరికి ఆ సినిమా థియేటరుకొస్తుంది. మొదటాట చూసి బయటికొచ్చిన కుర్రాణ్ని గేటు దగ్గర ఎవరో ఆపుతారు. "ఎలా ఉంది బ్రో?" వాడు బండి స్టాండు తీస్తూ "ఓకే" అంటాడు. ఆ ముక్క చెవిన పడితే నిర్మాతకి ఆ రాత్రి నిద్ర పట్టదు.

అదే సినిమా, అదే మాట. సెట్లో పండగ, గేటు దగ్గర పెదవి విరుపు. నిజానికి దర్శకుడు కూడా అక్కడ ఎవర్నీ మెచ్చుకోలేదు. ఇది పనికొస్తుంది, తర్వాతి షాటుకి పోదాం అన్నాడంతే. కుర్రాడూ తిట్టలేదు. చూడొచ్చు, చూడకపోయినా కొంపలేం మునగవు అన్నాడు. పొగడకుండా, తెగడకుండా, ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా దిగకుండా పని జరిపించేసే మాట అది. మంచి సినిమా చూసొచ్చినవాడు "ఓకే" అనడు. అదిరింది, దుమ్ము, కేక అంటాడు. చెత్త సినిమాకీ "ఓకే" అనడు. దానికి వేరే నిఘంటువుంది.

థాంక్యూ, సారీ అనడానికి ఇప్పటికీ కాస్త మొహమాటపడే తెలుగువాళ్లున్నారు. ఓకేకి ఆ ఇబ్బంది లేదు. చదువుకున్నవాళ్ల సంగతి సరేసరి, బడి గడప తొక్కని పాలామె కూడా "రేపు లీటరు పోస్తా, ఓకేనా?" అనే అడుగుతుంది. పక్కింటి తాతగారు ఫోన్లో "ఓకే ఓకే" అంటూ తలూపుతారు. ఇంతగా నోట నానిన ఈ రెండక్షరాలు పుట్టిందెక్కడో, వచ్చి మన సరేల పక్కన, అలాగేల పక్కన ఎక్కడ కూర్చున్నాయో చూస్తే ఆదివారం పొద్దుకి సరిపడా కథ ఉంది.

రెండూ తప్పులే

1839 మార్చి 23. అమెరికాలో బోస్టన్ మార్నింగ్ పోస్ట్ అనే పత్రిక రెండో పేజీ. సంపాదకుడు చార్లెస్ గోర్డన్ గ్రీన్. గంటల మోతకి వ్యతిరేకమంటూ సంఘం పెట్టుకున్న కొందరు సరదారాయుళ్ల గురించి, పక్క ఊరు ప్రావిడెన్స్ పత్రికను ఆటపట్టిస్తూ ఒక చిన్న ముక్క అచ్చయింది. అందులో దొర్లింది "ఓ.కె." అనే మాట. అర్థం కూడా పక్కనే ఇచ్చారు, ఆల్ కరెక్ట్ అని.

ఆల్ కరెక్ట్‌కి పొడి అక్షరాలు ఏ.సి. కావాలి కదా, ఓ.కె. ఎలా అయింది? అక్కడే ఉంది తమాషా. ఆ రోజుల్లో బోస్టన్ పత్రికల్లో మాటలకి పొడి అక్షరాలు వాడడం ఒక పిచ్చి. ఆ పిచ్చి ముదిరి, మాటను కావాలనే తప్పు స్పెల్లింగుతో రాసి, ఆ తప్పు స్పెల్లింగుకి పొడి అక్షరాలు కట్టడం ఫ్యాషనైంది. ఆల్ కరెక్ట్‌ని "ఓల్ కొరెక్ట్" అని రాశారు. దానికి ఓ.కె. అంతా సరిగ్గా ఉందని చెప్పే మాటలో ఉన్న రెండక్షరాలూ తప్పే! ఆల్ రైట్‌ని ఇలాగే చెడగొట్టి ఓ.డబ్ల్యూ. అన్నారు. నో యూజ్‌కి కె.వై., నో గోకి కె.జి. కట్టారు. ఇవాళ వాట్సాప్‌లో పిల్లలు అచ్చుల్ని మింగేసి పంపే మెసేజీలు చూసి భాష ఏమైపోతోందని బెంగపడే పెద్దలు, ఆ పని పత్రికా సంపాదకులే చేసిన కాలం ఒకటుందని తెలిస్తే కొంచెం కుదుటపడతారేమో.

ఓ.డబ్ల్యూ., కె.వై.లు రెండేళ్లు తిరక్కుండా పోయాయి. ఓ.కె. కూడా పోవాల్సిందే. దాన్ని ఎన్నికలు కాపాడాయి. 1840లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ రెండోసారి బరిలోకి దిగాడు. ఆయన సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. అభిమానులు ఆయన్ని "ఓల్డ్ కిండర్‌హుక్" అనేవాళ్లు. పొడి అక్షరాలు చూసుకుంటే ఓ.కె.! ఇంకేం, ఓ.కె. క్లబ్బులు వెలిశాయి. ఎదుటి పార్టీ ఊరుకుంటుందా? వాన్ బ్యూరెన్‌కి గురువులాంటి మాజీ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కి స్పెల్లింగులు రావనీ, ఫైళ్ల మీద ఆల్ కరెక్ట్ అని రాయబోయి తప్పుగా గిలికేవాడనీ, ఓ.కె. అలా పుట్టిందనీ కథ అల్లి వదిలింది. సోషల్ మీడియా లేకపోయినా ప్రచారం సోషల్ మీడియా స్థాయిలోనే జరిగింది. ఎన్నికలో వాన్ బ్యూరెన్ ఓడాడు. ఈ గొడవలో మాట మాత్రం దేశమంతా పాకిపోయింది.

జాక్సన్ కథ అబద్ధమే అయినా గట్టిగా అతుక్కుంది. ఆ తర్వాత కొత్త కథలు పుడుతూనే వచ్చాయి. అమెరికా మూలవాసులైన చాక్టా జాతి మాట నుంచి వచ్చిందని కొందరు. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల భాషల నుంచని కొందరు. గ్రీకు అని, స్కాట్లాండ్ అని, రమ్ము సీసాల మీది రేవు పేరని ఇంకొందరు. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ చాక్టా కథను నమ్మి, ఫైళ్ల మీద "ఓకెహ్" అని ఆ పద్ధతిలోనే రాసేవాడు. చివరికి కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు అలెన్ వాకర్ రీడ్ పాత పత్రికల కట్టలు తిరగేసి, 1963, 64ల్లో వరసగా రాసిన వ్యాసాల్లో బోస్టన్ ముక్కను బయటపెట్టాడు. అయినా జనానికి ఆ జవాబు అంతగా రుచించలేదు. ఇంత పెద్ద మాటకి ఇంత చిల్లర పుట్టుకా అని కాబోలు.

ఎన్నికల హడావుడి సద్దుమణిగాక ఓకేకి టెలిగ్రాఫ్ ఆఫీసుల్లో ఉద్యోగం దొరికింది. తంతి అవతల ఉన్నవాడికి సందేశం పూర్తిగా అందిందని చెప్పడానికి రెండక్షరాలు చాలు. కొట్టడం తేలిక, పొరబడడం కష్టం. అక్కడ దాని అర్థం ఒక్కటే, అందింది. ఒప్పుకున్నాను అని కాదు, నచ్చింది అని కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీనితో పనుంది.

ఊఁ వేరు, సరే వేరు

ఇప్పుడు మన ఇంటికొద్దాం.

అమ్మమ్మ కథ చెప్తుంటే మనవడు "ఊఁ" కొట్టాలి. కొట్టకపోతే కథ ఆగిపోతుంది. "నిద్రపోయావురా?" అంటుంది ఆవిడ. ఆ "ఊఁ"కి అర్థం వింటున్నాను అని మాత్రమే. రాక్షసుడు రాకుమారిని ఎత్తుకుపోయాడంటే మనవడు "ఊఁ" అన్నాడని, వాడు రాక్షసుడి పక్షం చేరినట్టు కాదు. ఒప్పుకోవడానికి "సరే" ఉంది. చెప్పినట్టు చేస్తాను అనడానికి "అలాగే" ఉంది. నువ్వు చెయ్యి, నేనడ్డం రాను అనడానికి "కానివ్వు" ఉంది. బాగోలేదు అనలేక, బాగుంది అనడానికి మనసొప్పక మధ్యలో నిలబడాల్సి వస్తే "ఫర్వాలేదు" ఉంది. ఇన్ని గదులున్న ఇంట్లోకి ఓకే వచ్చింది. వచ్చి ఏ గదిలోనూ కుదురుగా ఉండకుండా అన్ని గదుల్లోనూ తిరుగుతోంది.

వీటిలో సరే అన్నిటికంటే లోతు తెలిసిన మాట. "సరి" నుంచి వచ్చింది. సరి అంటే సమానం, సరి అంటే ఒప్పు, బేసి కానిదీ సరే. తమిళం, కన్నడం, మలయాళం కూడా ఇదే మాటను కాస్త యాస మార్చి ఇదే పనికి వాడతాయి. చెన్నై ఆటోవాడూ బెంగుళూరు కొట్టువాడూ మన సరేని దుబాసీ లేకుండా అర్థం చేసుకుంటారు. ఎలా పలికామన్నదాన్ని బట్టి అది ఎన్ని వేషాలైనా వేస్తుంది. "సరే" అంటే ఒప్పుకోలు. "సరే సరే" అంటే ఇక ఆపు. "సరేలే" అంటే నాకు ఇష్టం లేదు, అయినా నీ మొహం చూసి ఒప్పుకుంటున్నాను. "సరేగానీ" అంటే నువ్వు చెప్పింది వినలేదు, నా సంగతి విను. "సరిపోయింది!" అంటే కొంప మునిగిందన్నమాట. సరేలో మనిషి మనసు ఎటు మొగ్గిందో దాచినా దాగదు. మొగుడు ఆదివారం స్నేహితులతో సినిమాకి పోతానంటే ఆవిడ "సరే" అని ఆగిందా, "సరే, వెళ్లండి" అందా, "సరే, మీ ఇష్టం" అందా అన్నదాన్ని బట్టే ఆ వారం ఎలా గడుస్తుందో తెలిసిపోతుంది.

ఊరు మారితే ఈ మాటల రంగు మారుతుంది. గోదావరి జిల్లాల్లో "ఆయ్, అలాగేనండి" అన్నాక ఇక ఆ పని అయిపోయినట్టే లెక్క. ఆ "ఆయ్"లో విన్నాననేదీ ఒప్పుకున్నాననేదీ గౌరవమూ ఒకేసారి దిగుతాయి. తెలంగాణలో "గట్లనే కానియ్", "సరే తియ్" అంటారు. హైదరాబాదు పాతబస్తీ దక్కనీ గాలి తగిలినచోట "హౌ" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. సీమలో "అట్లే కానీలేప్పా". పెద్దవాళ్లు ఫోను పెట్టేసేముందు "మంచిది" అంటే అది ఒప్పుకోలూ సెలవూ రెండూను. జమీందార్ల కాలంలో ఉన్న "చిత్తం" ఇప్పుడు జానపద సినిమాల్లోనూ, భార్య మార్కెట్టు సంచి చేతికిచ్చినప్పుడు భర్త వేసే వెటకారంలోనూ మిగిలింది.

ఈ మాటలన్నిటికీ ఒక షరతుంది. ఎవరితో అంటున్నామో ముందే తేల్చుకోవాలి. సరేరా, సరేనే, సరేనమ్మా, సరేనండి. కొత్తగా ఉద్యోగంలో చేరిన పాతికేళ్ల అమ్మాయి, తనకన్నా రెండేళ్లు చిన్నవాడైన టీం లీడ్‌తో "సరే" అంటే పొగరు, "సరేనండి" అంటే మరీ పెద్దరికం. "ఓకే" అంటే ఏ బాధా లేదు. చిన్నా పెద్దా తేల్చుకోకుండా మాట్లాడే వీలు తెలుగులో చాలా తక్కువ. ఓకేకి మన దగ్గర ఇంత చప్పున చోటు దొరకడానికి ఇదే అసలు కారణమని నాకనిపిస్తుంది. అయినా మనవాళ్లు ఊరుకున్నారా? దానికీ తోకలు తగిలించారు. ఓకేనండి, ఓకేరా, ఓకేలే, ఓకేనా. "ఓకే సార్" అనేది ఇంగ్లీషులా కనిపించే అచ్చ తెలుగు మర్యాద.

వ్యాకరణంలో కూడా ఒక ఖాళీని అది పూడ్చింది. సరే అనేది నోరు చేసే పని. "సరే అన్నారు" అంటాం. "సరే చేశారు" అనలేం. "సరిచేశారు" అంటే తప్పు దిద్దారని అర్థం మారిపోతుంది. ఓకే మాత్రం చేతికి కూడా లొంగుతుంది. సార్ ఫైలు ఓకే చేశారు. లోను ఓకే అయింది. డిజైను ఓకే చేయించుకురా. మంజూరు, ఆమోదం, అనుమతి అనే మూడు సర్కారీ మాటలూ చేసే పనిని ఇది ఒంటిచేత్తో చేస్తుంది. పత్రికల డెస్కులో కూర్చున్నవాళ్లకి దీని విలువ తెలుసు. సింగిల్ కాలమ్‌లో "ఆమోదముద్ర" పట్టదు, "గ్రీన్‌సిగ్నల్" అసలే పట్టదు. "కేంద్రం ఓకే" పడుతుంది. రాత్రి పన్నెండింటికి పేజీ వదలాల్సిన సబ్ ఎడిటరుకి బోస్టన్ సంపాదకుడు చేసిన మేలు ఇది.

ఇంకో సంగతి. ఓకేకి దీర్ఘం తీసేస్తే "ఒకే" అవుతుంది. అది మన సొంత మాట, వేరే అర్థం. ఫోన్లో టైపు చేసే తొందరలో ఓకే కాస్తా ఒకే అయిపోతుంటుంది. శంకర్ తమిళంలో తీసిన 'ముదల్వన్' 1999లో తెలుగులో 'ఒకే ఒక్కడు'గా వచ్చింది. మణిరత్నం తమిళంలో తీసిన 'ఓ కాదల్ కణ్మణి' 2015లో తెలుగులో 'ఓకే బంగారం' అయింది. తమిళంలో ఆ పేరును కురచ చేసి ఓకే కణ్మణి అన్నారు, ఓ కాదల్‌కి పొడి అక్షరాలుగా. తెలుగులోకి వచ్చేసరికి కాదల్ జారిపోయి ఉత్త ఓకే మిగిలింది. అయినా ఎవరికీ లోటనిపించలేదు.

"నీకు ఓకేనా?"

పెళ్లిచూపులకొచ్చినవాళ్ల కారు వీధి మలుపు తిరిగింది. హాల్లో ప్లేట్లలో సగం కొరికిన స్వీట్లు, జీడిపప్పులు ఏరేసిన మిక్చరు. తండ్రి ఏమీ పట్టనట్టు టీవీ పెడతాడు. తల్లి వంటింట్లో చీర కొంగు సవరించుకుంటున్న కూతురి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడుగుతుంది.

"ఏమే, నీకు ఓకేనా?"

"ఓకే అమ్మా."

ఒక తరం వెనక్కి వెళ్తే అసలు అడిగేవాళ్లే తక్కువ. మౌనం అర్ధాంగీకారం అనేసుకుని ముందుకు పోయేవాళ్లు. అడిగిన చోట ప్రశ్న "నీకు ఇష్టమేనా?" అని ఉండేది. దానికి "ఇష్టమే" అనాలంటే ఆడపిల్లకి సిగ్గు, కాదనాలంటే భయం. "సరే" అంటే మీరు చెప్పారు కాబట్టి అన్నట్టు ధ్వనిస్తుంది. ఓకే ఈ మూడింటి నుంచీ తప్పించింది. మనసులో ఎంతుందో కొలిచి చూపించక్కర్లేదు. పదినిమిషాలు చూసిన మనిషి మీద ఇష్టం ఉందని చెప్పమనడం కన్నా అభ్యంతరం లేదని చెప్పనివ్వడమే న్యాయం అనేవాళ్లున్నారు. కాదనను. కానీ అభ్యంతరం లేకపోవడానికీ ఇష్టానికీ మధ్య చాలా దూరం ఉంది. ఓకే ఆ దూరాన్ని కప్పేస్తుంది. ఆ తల్లి ఓకే దగ్గర ఆగకుండా ఇంకో ప్రశ్న అడిగితే బాగుండునని నాకనిపిస్తుంది.

ఆమె అడగదు. హాల్లోకొచ్చి భర్తతో "దానికి ఓకేనట" అంటుంది. ఆయన మధ్యవర్తికి ఫోన్ చేసి "మా వైపు నుంచి ఓకేనండి" అంటాడు. సాయంత్రానికి అటునుంచీ ఓకే వస్తుంది. అక్కడితో ఓకే పని అయిపోతుంది. తాంబూలాలు పుచ్చుకున్నాక ఎవరూ "సంబంధం ఓకే అయింది" అనరు, ఖాయమైంది అంటారు. లగ్నపత్రికలో ఓకే రాసిన పురోహితుడు ఇంకా పుట్టలేదు. ఎక్కడ ఏ మాట వాడాలో, ఏ గడప దగ్గర ఓకేని ఆపాలో మనవాళ్లకి ఎవరూ నేర్పకుండానే తెలుసు.

రన్‌వే మీద

ఓకే ఎంత మెత్తటి మాటైనా, విన్నాను, ఒప్పుకున్నాను, కానివ్వు అనే మూడింటినీ ఒక్క నోటితో చెప్పడం అన్ని చోట్లా క్షేమం కాదు.

1977 మార్చి 27. అట్లాంటిక్ సముద్రంలో స్పెయిన్‌కి చెందిన కానరీ దీవులు. ఒక దీవిలోని విమానాశ్రయంలో బాంబు పేలడంతో అక్కడ దిగాల్సిన విమానాలన్నిటినీ పక్కనున్న టెనెరిఫే దీవిలోని లాస్ రోడియోస్ అనే చిన్న విమానాశ్రయానికి మళ్లించారు. మధ్యాహ్నానికి కొండల మీంచి పొగమంచు దిగింది. రన్‌వే ఒక్కటే. దాని మీద రెండు జంబో జెట్లు. ఒకటి డచ్చివాళ్ల కేఎల్‌ఎం, రన్‌వే చివర ఎగరడానికి సిద్ధంగా ఉంది. రెండోది అమెరికా కంపెనీ పాన్ యామ్, అదే రన్‌వే మీద ఇంకా నడుస్తోంది. ఒకదానికొకటి కనిపించవు. కంట్రోల్ టవర్‌కి రెండూ కనిపించవు.

కేఎల్‌ఎం కెప్టెన్ అనుమతి వచ్చేసిందనుకుని విమానాన్ని కదిలించేశాడు. కో పైలట్ టవర్‌కి "మేం టేకాఫ్‌లో ఉన్నాం" అన్నట్టుగా ఏదో చెప్పాడు. ఆ మాట కదులుతున్నాం అనా, కదలడానికి సిద్ధంగా ఉన్నాం అనా అన్నది వినేవాడి ఊహకే వదిలేసినట్టుంది. టవర్‌లోని కంట్రోలర్ "ఓకే" అన్నాడు. చిన్న విరామం ఇచ్చి, టేకాఫ్‌కి ఆగండి, నేను పిలుస్తాను అన్నాడు. సరిగ్గా ఆ క్షణంలోనే పాన్ యామ్ పైలట్లు మేమింకా రన్‌వే మీదే ఉన్నాం అని చెప్పబోయారు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు గొంతులు కలిసేసరికి కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో కీచుమనే శబ్దం తప్ప ఏమీ వినపడలేదు. స్పష్టంగా వినపడింది ఒక్క "ఓకే". విమానాలు రెండూ ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో ఇంతకు మించిన ప్రమాదం ఇప్పటికీ లేదు.

పొగమంచు, తొందర, ఇరుకు విమానాశ్రయం, రేడియో, కెప్టెన్‌కి ఎదురు చెప్పలేని మొహమాటం... కారణాలు చాలా ఉన్నాయి. తప్పంతా రెండక్షరాల మీద తోసేయడం అన్యాయం. కానీ కంట్రోలర్ ఓకే "విన్నాను" అనే ఓకే. కాక్‌పిట్‌లో చెవినపడింది "కానివ్వు" అనే ఓకే అయ్యుండొచ్చు. ఆ తర్వాత విమానయాన భాషను బిగించారు. అసలు అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప టవర్ నోట "టేకాఫ్" అనే మాటే రాకూడదన్నారు.

పైలట్ల భాషలో ఓకే పనిని నాలుగు మాటలు పంచుకుంటాయి. "రోజర్" అంటే నువ్వు చెప్పింది పూర్తిగా అందింది, అంతే. "విల్‌కో" అంటే అర్థమైంది, చెప్పినట్టు చేస్తాను. "అఫర్మ్" అంటే ఔను. "అప్రూవ్డ్" అంటే అడిగినదానికి అనుమతి ఉంది. తెలుగులో పెట్టి చూడండి. ఊఁ. అలాగే. ఔను. కానివ్వు. అమ్మమ్మలు వంటింట్లో ఏ శిక్షణా లేకుండా విడదీసి వాడుతున్న వాటినే వాళ్లు రూల్ బుక్కులో రాసుకుని, పరీక్షలు పెట్టి నేర్పుతున్నారు.

మన బస్సులూ రైళ్లూ కూడా ఓకేని దగ్గరికి రానివ్వలేదు. కండక్టరు నోట బస్సు కదిలేది "రైట్ రైట్" మీద. స్టేషన్ దాటుతున్న రైలుకి సిబ్బంది పచ్చజెండా చూపించి ఇచ్చి పుచ్చుకునేది "ఆల్ రైట్" సిగ్నల్. బోస్టన్ జోకులో ఓ.డబ్ల్యూ.గా పుట్టి చచ్చిపోయిన ఆల్ రైట్, పొడి అక్షరాలు వదిలేసి ఇక్కడ హాయిగా బతుకుతోంది.

రోడ్డు మీద మాత్రం ఓకేదే రాజ్యం. లారీ వెనక "హారన్ ఓకే ప్లీజ్" అని ఎందుకుంటుందో ఎవర్నడిగినా ఒక కథ చెప్తారు. యుద్ధకాలంలో లారీలు కిరోసిన్ మీద నడిచేవనీ, "ఆన్ కిరోసిన్"కి ఓకే పొడి అక్షరాలనీ ఒకటి. టాటావాళ్లు ఓకే అనే సబ్బు అమ్మేవాళ్లనీ, తమ లారీల మీదే దానికి ప్రకటన వేసుకున్నారనీ ఇంకొకటి. రెండూ వినడానికి బాగుంటాయి, నమ్మడానికి ఆధారం చాలదు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ రాతను నిషేధించింది, అది చూసి జనం అనవసరంగా హారన్ కొడుతున్నారని. లారీ పెయింటర్లకి మాత్రం మధ్యలో ఓకే లేకపోతే బోర్డు బోసిగా ఉంటుంది. మన జాతీయ రహదారుల మీద ఒక గంట నిలబడితే చాలు, అన్ని రంగుల్లోనూ కనిపిస్తుంది.

మీట మీద ఓకే, సరే

కంప్యూటర్ తెర మీద ప్రశ్న వస్తే కింద ఓకే మీట ఉంటుంది కదా, అది అక్కడికి చేరడం వెనక ఒక చిన్న అవమానం ఉంది. 1980ల మొదట్లో యాపిల్ కంపెనీ లీసా అనే కంప్యూటర్ తయారు చేస్తోంది. ఓకే మరీ వాడుక మాటలా ఉందని, ఆ మీట మీద "డూ ఇట్" అని రాశారు. కొత్తవాళ్లని కూర్చోబెట్టి పరీక్షిస్తుంటే, ఒకాయన ఆ మీట చూసి చిరాకుపడుతున్నాడు. ఏమైందని అడిగితే, నన్ను "డోల్ట్" అంటోందేమిటి ఈ మెషిను, నేనేమీ మొద్దుని కాను అన్నాడు. రెండు మాటల మధ్య ఖాళీ తక్కువ, పెద్దబడి ఐ అక్షరం చిన్నబడి ఎల్‌లాగే నిలువు గీత. అలా డూ ఇట్ కాస్తా డోల్ట్ అయింది. దాంతో ఓకేనే పెట్టేశారు. 1983లో లీసా మార్కెట్లోకొచ్చింది, తర్వాత ఎన్ని కంపెనీలు వచ్చినా ఆ మీట మారలేదు.

ఫోన్‌ని తెలుగులోకి మార్చి చూడండి. అక్కడ ఓకే లేదు, "సరే" ఉంది. పక్కన "రద్దు చేయి". అనువాదం చేసినవాళ్లని అభినందించాలి. కానీ తెర మీద సరే చూసినప్పుడల్లా నాకు ఆ మీట ఏ గొంతుతో పలుకుతోందో వినాలనిపిస్తుంది. "మీ ఫైలు శాశ్వతంగా పోతుంది" అని పైన రాసి, కింద "సరే" అంటే, అది ఎంత లేదన్నా "సరేలే, నీ ఖర్మ" అన్నట్టే ఉంటుంది. ఓకేకి ఆ గొంతు లేదు, అందుకే మీట ఉద్యోగం దానికి నప్పింది.

అయితే వాట్సాప్‌కొచ్చేసరికి ఓకేకి కూడా గొంతొచ్చేసింది. నాలుగు లైన్లు రాసి పంపిన మెసేజికి "ఓకే" అని వస్తే ఫర్వాలేదు. "ఓకేఏఏ" అని సాగితే సంతోషం. "కేకే" అంటే తొందరలో ఉన్నాడు. ఒంటరిగా "కే" అని వచ్చిందంటే అవతల మనిషి అలిగాడని లెక్క. ఇంట్లో ఉండే ఇంటర్ పిల్లలకి ఈ లిపి పూర్తిగా తెలుసు. తండ్రులకి తెలియదు. నాన్న మామూలుగా పెట్టిన "కే" చూసి హాస్టల్లో అమ్మాయి రాత్రంతా నాన్నకి కోపమొచ్చిందని కూర్చుంటుంది.

వేళ్లతో చెప్పే ఓకే కథ ఇంకా చిక్కు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టడం. పప్పుచారు కుదిరిందని చెప్పడానికి మనం చేసే సైగ ఇదే, కాకపోతే కాస్త ఊపుతాం. కళ్లు మూసుకుని కూర్చుంటే అదే చిన్ముద్ర. సముద్రంలో దిగే డైవర్లకి బొటనవేలు ఎత్తితే పైకి పోదామని అర్థం కాబట్టి, క్షేమంగా ఉన్నామని చెప్పడానికి ఈ సున్నానే వాడతారు. ఫ్రాన్స్‌లో దీనికి పనికిరానిది అనే అర్థం కూడా ఉంది, జపాన్‌లో డబ్బు, బ్రెజిల్‌లో బూతు. అమెరికాలో తెల్లజాతి దురహంకారులు దీన్ని తమ గుర్తుగా వాడుకోవడం మొదలెట్టడంతో, అక్కడి యాంటీ డిఫమేషన్ లీగ్ 2019లో దీన్ని ద్వేష చిహ్నాల జాబితాలో చేర్చింది. ఎక్కువమంది ఇప్పటికీ మామూలు అర్థంలోనే వాడతారని కూడా ఆ సంస్థే చెప్పింది. అక్కడి ఆఫీసుల్లో మనవాళ్లు గ్రూప్ ఫొటోల్లో మాత్రం బొటనవేలు ఎత్తి ఊరుకోవడం మేలు.

డల్లాస్‌లో ఉన్న కూతురికీ తణుకులో ఉన్న తల్లికీ ఆదివారం పొద్దున ఫోన్. ముప్పావుగంట అయింది. కూతురు ముగిద్దామని "సరే అయితే" అంటుంది. తల్లి "ఆఁ" అంటుంది. "సరే మరి, ఉంటానమ్మా." "ఊఁ, వేళకి తిను." "సరేనమ్మా." ఇన్ని సరేలు దొర్లినా ఫోను పెట్టే ప్రయత్నం ఇద్దరిలో ఎవరూ చెయ్యరు. సరే తలుపు మూయదు, దగ్గరగా వేసి ఉంచుతుందంతే. కూతురు చివరికి "ఓకే అమ్మా, బై" అంటుంది. అదైతే గడియ. ఆ మాట పూర్తికాకముందే తల్లి అందుకుంటుంది.

"సరేగానీ, మీ పిన్నివాళ్లు ఇల్లు అమ్మేస్తున్నార్ట, తెలుసా నీకు?"